ఇచ్చామా... వదిలించుకున్నామా?

"గివన్ని యాడికి తీస్కపోతవ్ బిడ్డా?"

స్టూలెక్కి సజ్జ మీది సామాన్లు ఒక్కొక్కటే దింపుతుంటే, కింద నిలబడి మా అత్తమ్మ అడిగిన మాట ఇది. ఇల్లు మారిన ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వినబడే ఉంటుంది.

కిందటేడు మా మామయ్య 61 ఏళ్లు నిండి సింగరేణి కొలువు నుంచి దిగిపోయారు. 'రిటైరయ్యాడు' అనే కన్నా 'దిగిపోయిండు' అనే మాటే మా వైపు ఎక్కువ. కొలువుతో పాటు గోదావరిఖనిలోని కంపెనీ క్వార్టరూ వదిలేయాలి. పెద్దపల్లిలో మా దగ్గరికే వచ్చేయమన్నాం. మనుషులు ఇద్దరే, వస్తారు సరే. మరి ముప్పై ఏళ్ల సామాను?

రెండు గదుల క్వార్టరులో ఇంత సామాను ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనసు. బొగ్గుబాయి ఇళ్లలోకి కొత్త వస్తువు వచ్చేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. కొత్తది కిందికి రాగానే పాతది సజ్జ ఎక్కుతుంది. అలా ఎక్కినవే ఇత్తడి బిందెలు, సిల్వర్ గంజులు, బొగ్గు పొయ్యి, తిరగని టేబుల్ ఫ్యాను, బొమ్మ రాని టీవీ, బాయికి తొడుక్కుపోయిన బూట్లు. ఇక ఒడిబియ్యాలకూ పెళ్లిళ్లకూ వచ్చిన చీరలు, జాకెట్ గుడ్డలు ఒక పెట్టెడు. వాటిలో సగం మడత కూడా విప్పలేదు.

అత్తమ్మకు ఏదీ వదలబుద్ధి కాదని నా లెక్క. ఆమె చుట్టాలింటికి వెళ్లిన రోజు చూసి బట్టలన్నీ నాలుగు మూటలు కట్టేశాను. ఒకటి మా ఇంట్లో పనికి వచ్చే ఆమెకు ఇచ్చాను. ఏమున్నాయో చూపించలేదు, కావాలా అని అడగనూ లేదు. "సరే అక్కా" అని నెత్తిన పెట్టుకుని పోయింది. ఇల్లు తేలికైందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడో రోజు మా వీధి చివర చెత్తకుప్ప పక్కన అదే మూట కనిపించింది. నాకు ఒళ్లు మండింది. ఇచ్చినదానికి ఈమాత్రం విలువ లేదా? మర్నాడు అడిగేశాను. ఆమె గిన్నె తోముతూనే, నెమ్మదిగా అంది.

"కట్టేటియి మూడు చీరలున్నయి అక్కా, ఉంచుకున్న. కడమయి చినిగినయి, హుక్కులు లేనియి. నేనేం జేసుకోవాలె? మీకు జాగ లేదని నాకిస్తిరి. నాది ఒక్క అర్ర ఇల్లు. నాకెక్కడిది జాగ?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆమెకు బట్టలు ఇవ్వలేదు, నా చెత్తను ఆమె ఇంటి దాకా మోయించాను. అంతే.

అత్తమ్మ లెక్క వేరు

ఊరి నుంచి వచ్చాక అత్తమ్మకు సంగతి చెప్పాను. కోప్పడలేదు. "ఎవలకు ఏం గావాల్నో ఎర్కలేక ఇస్తే గట్లనే అయితది" అంది.

తర్వాత ఆమె పద్ధతి చూశాను. పాత కుట్టుమిషన్ ఇవ్వాలనుకున్నది కుట్టుపని నేర్చుకుంటున్న పక్క క్వార్టరు పిల్లకు. ముందు మిషన్ బాగుచేసే అతన్ని పిలిచి బెల్టు మార్పించింది, నూనె వేయించింది. "నడువని మిషన్ ఇస్తే ఆ పిల్లకు ఖర్సు వెట్టినట్టే గద" అంది. కట్టని చీరల్లో ఏది ఎవరికి నప్పుతుందో చూసి, జాకెట్ గుడ్డ జతచేసి, బొట్టు పెట్టి ఇచ్చింది. మెత్తబడిన నూలు చీరలు బొంతలకు పోయాయి. నేను పిసినారితనం అనుకున్నది, నిజానికి తగిన చెయ్యి దొరికేదాకా ఆగడం.

పెద్ద ఎత్తునా అదే తప్పు

ఇది నా ఒక్కదాని పొరపాటు కాదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత దేశం నలుమూలల నుంచీ తమిళనాడు తీరానికి బట్టలు లారీల్లో వెళ్లాయి. చాలామటుకు పనికిరానివి, అక్కడివాళ్లు కట్టనివి. సర్వం పోగొట్టుకున్నవాళ్లు కూడా వాటిని ముట్టలేదు. రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. 2022 జులైలో గోదావరి పొంగి మంథనిలోకి నీళ్లు వచ్చినప్పుడు మా వాడలోనూ బట్టలు పోగుచేశాం. అప్పుడు నేను మూటలో వేసినవి గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

1999లో ఢిల్లీలో అంశు గుప్తా మొదలుపెట్టిన 'గూంజ్' సంస్థ ఈ సంగతిని బాగా పట్టుకుంది. వచ్చిన బట్టలను వేరుచేసి, బాగుచేసి పల్లెలకు పంపుతారు. అక్కడివాళ్లు బావి తవ్వుకోవడమో, దారి వేసుకోవడమో, చెరువు బాగుచేసుకోవడమో తమ ఊరి పని చేసుకుంటారు. బట్టలు ఆ కష్టానికి ప్రతిఫలంగా అందుతాయి, భిక్షగా కాదు. కట్టడానికి పనికిరాని నూలు గుడ్డను శుభ్రం చేసి ఆడవాళ్ల నెలసరికి ప్యాడ్లు తయారుచేస్తారు.

మూట కట్టే ముందు

మా ఇంట్లో తగిలిన దెబ్బతో నేను నేర్చుకున్నవి ఇవి:

* ముందు అడగండి. విప్పి చూపించండి. "వద్దు" అనే వీలు వాళ్లకుండాలి.

* ఉతికి, హుక్కులు కుట్టి, చీరకు జాకెట్టు, చెప్పుకు చెప్పు జతకట్టి ఇవ్వండి. మన చెల్లెలికి ఇవ్వడానికి సిగ్గుపడేది ఎవరికీ ఇవ్వవద్దు.

* వాడి మిగిలిన మందులు ఎవరికీ ఇవ్వకండి.

* పాత డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది. పగలగొట్టవద్దు, కాల్చవద్దు. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకే ఇవ్వండి. ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలోనే ఇచ్చేయండి.

* సింగరేణి ఇళ్లలో కాగితాల కట్ట జాగ్రత్త. పే స్లిప్పులు, సీఎంపీఎఫ్, పింఛను, వైద్యం కాగితాలు పాత పేపర్లతో కలిసి తుక్కులోకి పోనీయకండి. రేపు ఇంటి ఆడవాళ్లకే అవి అవసరం పడతాయి.

* 2023 మేలో కేంద్రం పిలుపుతో పట్టణాల్లో పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు తీసుకునే కేంద్రాలు తెరిచారు. మీ ఊళ్లో ఇప్పటికీ నడుస్తోందేమో మున్సిపాలిటీలో అడిగి చూడండి.

* అన్నీ ఇచ్చేయాలనీ లేదు. మామయ్య ఆఖరి జత బూట్లు మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరికీ పనికిరావు. మాకు కావాలి.

ఆఖరున ఒక బల్ల

కొన్నాళ్లకు పనామెను ఈసారి సరిగ్గా అడిగాను, "నీకేం కావాలి?" అని. కాసేపు ఆలోచించి, "పిల్ల పదో తరగతికచ్చింది. కింద గూసొని రాస్తది. చిన్న బల్లేమన్న ఉంటే చెప్పుండ్రి" అంది.

ఉంది. కానీ అది దింపిన సామాన్లలో లేదు. కిటికీ పక్కన, నేను కథలు రాసుకునే బల్ల అది. రెండు రోజులు నోరు పెగలలేదు. సజ్జ మీదివి నాలుగు మూటలు క్షణంలో కట్టినదాన్ని, వాడుకుంటున్న ఒక్క బల్ల దగ్గర ఆగిపోయాను. మూడో రోజు సొరుగు ఖాళీ చేసి తుడిచి చూపించాను.

ఆమె బల్లను అటూ ఇటూ కదిపి చూసింది. "ఒక కాలు ఊగుతున్నదక్కా. మా ఆయన మేకు గొడ్తడు తియ్యి" అంటూ ఆటో పిలుచుకొచ్చింది.

ఇప్పుడు వంటింటి టేబుల్ మీద రాస్తున్నాను, ఇది కూడా. ఆ పిల్ల బల్ల మీద పుస్తకాలు పేర్చుకుందట.