స్వామికి ఉమ్మెత్త, మనకు మెలకువ

దోర్నాల, ఎఱ్ఱగొండపాలెముల మీదుగా వినుకొండకు పోవు త్రోవలో త్రిపురాంతకము కలదు. శ్రీశైలమునకు ఇది తూర్పు ద్వారము. సిద్ధవటము, అలంపురము, ఉమామహేశ్వరము తక్కిన మూడు దిక్కుల ద్వారములు. గుట్టమీద త్రిపురాంతకేశ్వరుడును, క్రింద చెఱువు నడుమ బాలాత్రిపురసుందరియు కొలువై యున్నారు. ఒక శివరాత్రినాడు మేము స్వామిదర్శనమునకై మెట్లెక్కుచుంటిమి. మా ముందు నడచుచున్న యొక వృద్ధురాలి పళ్లెరములో మారేడు దళములతోపాటు ఉమ్మెత్తపూవులును, ముండ్లకాయ యొకటియు నుండెను. ఆమె కొంగు పట్టుకొని నడచుచున్న మనుమడు ఆ కాయను అందుకొని నోట పెట్టుకొనబోయెను. అవ్వ వాని చేతిపై మెల్లగా కొట్టి, “వద్దు నాయనా, అది సామికి. మనం తినేది కాదు” అనెను.

ఆ మాట మేము నేటికిని మఱువలేదు. ఏలయన, దానికి సరిగా విరుద్ధమైన మాట యొకటి యిప్పుడు మన యిండ్లలోనికి వచ్చుచున్నది. “దైవదర్శనము మెదడులో జరుగు సంగతియే, దానిని కలిగించు పదార్థములున్నవి, వైదికఋషుల సోమరసమును, శివుని గంజాయియు అట్టివే” అని చదువుకొన్న పిల్లలు కొందఱు వాదించుచున్నారు. పిల్లలను కోపించి నోరు మూయించినచో వారు మనయెదుట మానుదురు, వాదము మానరు. కావున అందలి నిజమెంతయో, పొరపాటెంతయో తల్లులమైన మనమే తెలిసికొనుట మేలు.

ముందుగా ఇంటిదొడ్డిలోని ఉమ్మెత్తనే చూతము. మన నరములు ఒకదానికొకటి వార్త నందించుకొనుటకు అసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము తోడ్పడును. జ్ఞాపకమునకును, ఎఱుకకును అది ముఖ్యము. ఉమ్మెత్తలోని స్కోపొలమిన్, హయోసయమిన్, అట్రొపిన్ అను విషములు ఆ ద్రవ్యము చేరవలసిన తావులను తామాక్రమించి, వార్తను ఆపివేయును. అంతట నోరెండును, కనుపాపలు విచ్చుకొనును, ముఖము ఎఱ్ఱబారును, ఒడలు కాలిపోవును, మూత్రము బిగియును. లేనివారితో మాటలాడుటయు, గాలిలో దారములు ఏఱుచున్నట్లు వ్రేళ్లు కదలించుటయు కాననగును. తేఱుకొన్న పిదప జరిగినది తఱచుగా జ్ఞప్తికే రాదు. ఇది దర్శనము కాదు, సన్నిపాతము. పూర్వము బాటసారులకు అన్నములో ఉమ్మెత్తగింజల పొడి కలిపి దోచుకొనెడి దొంగలు మన దేశమున నుండిరి. ఆయుర్వేదమును దీనిని ఉపవిషములలో చేర్చి, శుద్ధి చేయనిదే వాడరాదని విధించినది.

పాశ్చాత్యశాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నవి వేఱు పదార్థములు. స్విట్జర్లండులోని బేసెల్ నగరమున ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1938లో ఎల్.ఎస్.డి. అను దానిని తయారుచేసెను. 1943 ఏప్రిల్ 19న తానే దానిని మిల్లీగ్రాములో నాలుగవవంతు పుచ్చుకొని, మతి తప్పుచుండగా సైకిలుపై ఇల్లు చేరెను. కొన్ని జాతుల పుట్టగొడుగులలోని సిలోసైబిన్ అనునదియు ఈ కోవకు చెందినదే. ఇవి మెదడులో సెరొటోనిన్ అను ద్రవ్యము పనిచేయు తావులను, మాఱు తాళపుచెవి తాళమును తెఱచునట్లు, తాకును.

1962లో అమెరికాలోని బోస్టన్‌లో వాల్టర్ పాంకే అను పరిశోధకుడు గుడ్ ఫ్రైడేనాడు ప్రార్థనాలయమున ఇరువదిమంది వేదాంతవిద్యార్థులను కూర్చుండబెట్టి, పదిమందికి సిలోసైబిన్, పదిమందికి వేఱొక మందు ఇచ్చెను. మొదటివారిలో పెక్కురు గొప్ప యాధ్యాత్మికానుభవము కలిగినదనిరి. కాని వారిలో ఒకడు భయోద్రేకముతో అదుపు తప్పగా, వానికి శాంతింపజేయు మందును సూదితో ఎక్కింపవలసి వచ్చినదనియు, నాటి నివేదికలో ఆ సంగతి వ్రాయలేదనియు 1991లో బయటపడెను. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు ముప్పదియాఱుగురిని ముందుగా క్షుణ్ణముగా పరీక్షించి, సిద్ధపఱచి, ప్రక్కన మనుష్యులను కాపుంచి యీ ప్రయోగమును మరల చేసిరి. ఇరువదియిద్దఱు సంపూర్ణమైన దివ్యానుభూతి పొందిరి. ఇంచుమించు మూడవవంతు మంది తీవ్రమైన భయమును పొందిరి. 2012లో లండనులోని పరిశోధకులు, “నేను, నాది” అను తలపోతతో సంబంధించిన మెదడు భాగములలో సిలోసైబిన్ వలన రక్తప్రసారము తగ్గుట గమనించిరి. అహంకారము కరగినట్లు తోచుటకు ఇది యొక కారణము కావచ్చును. దీనివలన దైవము కలడనిగాని లేడనిగాని తేలదు. మామిడిపండు రుచిని మెదడే గ్రహించును; అంతమాత్రమున మామిడిచెట్టు లేదనుట చెల్లదు, ఉన్నదనుటకు వేఱే నిదర్శనము కావలెను.

ఈ సందర్భమున ఒక స్త్రీ కథ మన మెఱుగదగినది. మెక్సికోదేశపు కొండలలో, హువావుట్ల అను గ్రామమున, మరియా సబీనా అను మసటెక్ జాతి వైద్యురాలుండెను. రోగులను నయముచేయుటకై ఆమె రాత్రివేళ ప్రార్థనలతో ఆ పుట్టగొడుగులను వాడెడిది. 1955లో వాసన్ అను అమెరికావాడు ఆ పూజలో పాల్గొని, 1957లో ఒక ప్రసిద్ధపత్రికలో దానిని వర్ణించెను. అంతట వినోదమునకై, దేవుని చూచుటకై విదేశీయులు ఆ యూరిపై విరుచుకొనిపడిరి. గ్రామస్థులు ఆమెనే నిందించిరి; ఆమె యిల్లు తగులబడెను. పూర్వము రోగికొఱకేగాని, దేవుని వెదకుటకై ఎవరును దానిని తినలేదని ఆమె తరువాత వాపోయెను. నియమము, గురువు, ప్రయోజనము అను మూడింటిని విడదీసి పదార్థమును మాత్రము ఎత్తుకొనిపోయినచో మిగులునది ఏమో ఆ కాలిన యిల్లే చెప్పుచున్నది.

మన శ్రీశైలపరిసరములకును ఇట్టి చరిత్ర కలదు. పాదరసమును కట్టి దేహమును సిద్ధము చేయవలెనని యత్నించిన రససిద్ధుల కథలకు ఆ కొండలు నెలవు. ఆ సాహసము గొప్పదే. కాని పాదరసపు ఆవిరి నరములను చెఱచి చేతులను వణకించునని నేడు నిశ్చయముగా తెలియును. కొండపై సిద్ధుడు చేసినదని విని, చిల్లర దొరకినదానిని మింగుట సిద్ధి కాదు.

అట్లని సామాన్యభక్తునికి మనస్సు మాఱు మార్గము లేదా? త్రిపురాంతకపు మెట్లమీద ఆ రాత్రి మేము చూచినది ఏమి? ఉపవాసము, జాగరము, పంచాక్షరీజపము. ఇవియు మెదడుపై పనిచేయునవే. 2001లో ఇటలీ పరిశోధకులు జపమాలప్రార్థనను, “ఓం మణి పద్మే హూం” అను మంత్రమును పరీక్షింపగా, వల్లించువారి శ్వాస నిమిషమునకు ఇంచుమించు ఆఱుసార్లకు దిగి, గుండెలయ క్రమబద్ధమయ్యెను. ఈ మార్గమున ఎప్పుడు కావలెనన్న అప్పుడు ఆగవచ్చును. మందు మింగినవానికి ఆ స్వాతంత్ర్యము లేదు. ఐనను గర్భిణులును, మధుమేహము గలవారును కఠినోపవాసము చేయరాదు.

గృహిణులు గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. పిల్లలు ఉమ్మెత్త తినిరని అనుమానమైనచో, చింతపండురసము, ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపక, తినిన కాయనో ఆకునో వెంట తీసికొని వెంటనే ఆస్పత్రికి పోవలెను. 108కి ఫోను చేయవచ్చును. పూజ ముగిసిన పిదప కాయలను పిల్లల కందనిచోట పాతిపెట్టవలెను. గంజాయి, ఎల్.ఎస్.డి., సిలోసైబిన్‌లను దగ్గఱ నుంచుకొనుట 1985నాటి చట్టముప్రకారము నేరము. లేతవయస్సున గంజాయి తఱచుగా త్రాగినవారికి, ముఖ్యముగా వంశమున చిత్తవైకల్యమున్న యిండ్లలో, మతి చెడు ప్రమాదము హెచ్చు. బిడ్డ ఇట్టివానిలో చిక్కినట్లు తోచినచో ఇంటిగౌరవము పేర దాచవలదు. వ్యసనవిముక్తికై 14446, మనోవైద్యసలహాకై 14416 అను ప్రభుత్వపు ఉచిత ఫోనుసంఖ్యలున్నవి. “దేవుని చూచితిని” అని బిడ్డ చెప్పినప్పుడు పరిహసింపక, “చూచిన పిదప నీవు ఎవరికి మేలు చేసితివి?” అని అడుగుడు. ఏ దర్శనమునకైనను గీటురాయి అదియే.

ఆనాడు దర్శనమైన పిదప అవ్వయు మనుమడును మాకు మరల మెట్లపై కనబడిరి. ఉమ్మెత్తకాయ స్వామికడనే యుండిపోయినది. అవ్వ తన మూట విప్పి అరటిపండొకటి వలిచి, సగము వానికిచ్చి, తక్కిన సగమును ప్రక్కన ఏడ్చుచున్న పరాయిబిడ్డ చేత పెట్టెను. తాను మాత్రము ఉపవాసమే.