నాలుగో గడి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కొత్త వైద్య యంత్రాలను డాక్టర్లు, నర్సులు, రోగులు ఏ మేరకు ఒప్పుకుంటున్నారో రాయమని డెస్కు నుంచి కబురు. గురువారం సాయంత్రానికల్లా కాపీ చేరాలి. నాకు ఆ ప్రశ్న మీదే గురి కుదరలేదు. యంత్రమంటే జనం జంకుతారన్న ఊహ అందులో దాగుంది. స్కానింగ్ మిషన్ విషయంలో ఎవరు జంకారు? కోడలు నెల తప్పితే చాలు, ‘స్కానింగ్ తీసిండ్రా, ఏమన్నరు?’ అని అత్తగారే ముందు అడుగుతుంది.

అందుకే యంత్రాన్ని వదిలేసి, దాని పక్కనుండే కాగితాన్ని పట్టుకున్నాను. దాని పేరు ఫారం ఎఫ్. గర్భిణికి స్కానింగ్ చేసే ప్రతి కేంద్రం, చేసిన ప్రతిసారీ నింపి తీరాల్సిన కాగితం. పేరు, వయసు, చిరునామా మామూలే. నాలుగో గడి దగ్గర ఆగాలి. బతికున్న కొడుకులెందరు, వాళ్ల వయసులెంత. కూతుళ్లెందరు, వాళ్ల వయసులెంత? కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటుందో లేదో చూడ్డానికి ఈ లెక్కతో పనేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఏడో గడిలో ఎవరు పంపారో రాయాలి, స్కానింగ్ చేసే డాక్టరే పరీక్ష రాస్తే అదీ రాయాలి. ఎనిమిదో గడిలో ఎన్ని వారాల గర్భమో ఉంటుంది. మూడు గడులనూ కలిపి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి, బయటి డాక్టరు చీటీ లేకుండా, పదిహేనో వారంలో వచ్చింది. అలాంటి ఫారం ఒక్కటుంటే ఏమీ కాదు. ఒకే కేంద్రంలో నెలనెలా అవే కనబడితే మాత్రం తనిఖీకి వచ్చిన అధికారి కుర్చీ లాక్కుని కూర్చోవాల్సిందే.

చివరి భాగంలో రెండు ప్రమాణాలు. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని గర్భిణి సంతకం చేస్తుంది. వేలిముద్ర వేస్తే, ఆమెను గుర్తుపట్టిన మనిషి వివరాలూ రాయాలి. తాను ఆ సంగతి చూడలేదని, ఎవరికీ ఏ రకంగానూ చెప్పలేదని డాక్టరు సంతకం చేస్తారు. ఆరాటం ఇంటిల్లిపాదిదీ, ప్రమాణం మాత్రం కోడలిది! అత్తగారికీ భర్తకూ అక్కడ గడి లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో: గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో అల్ట్రాసౌండ్ బొమ్మలను ప్రచురించింది. మన దేశంలో లింగ నిర్ధారణ 1970ల్లో ఉమ్మనీటి పరీక్షతో మొదలైంది. 1994లో దాన్ని నిషేధించే చట్టం వచ్చింది, 1996 జనవరి 1న అమల్లోకి వచ్చింది, 2003లో బిగుసుకుంది. అయినా ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 2001లో 927 ఉంటే, 2011కి 918కి జారింది.

డాక్టర్ల గోడు వేరు. ఫారంలో ఒక గడి ఖాళీగా ఉన్నా చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది. కాదని నిరూపించుకోవడం వాళ్ల బాధ్యతే. రాతపనిలో పొరపాటుకు జైలేమిటని ప్రసూతి వైద్యుల సమాఖ్య సుప్రీంకోర్టుకెక్కింది. 2019 మేలో కోర్టు ఒప్పుకోలేదు. కౌంటర్‌లో హడావిడిగా ఫారాలు నింపే అమ్మాయిని తలచుకుంటే వాళ్ల భయంలో కొంత నిజముందనిపిస్తుంది. అయినా నా మొగ్గు ఫారం వైపే. చీకటి గదిలో గుసగుసగా చెప్పిన మాటకు సాక్షి ఉండదు, ఈ కాగితం తప్ప.

దాన్ని చదివేవాళ్లుంటేనే అది సాక్ష్యం. ప్రతి కేంద్రం తర్వాతి నెల ఐదో తేదీలోగా నివేదిక పంపాలి, రికార్డులు రెండేళ్లు దాచాలి. 2016లో జిల్లాలు విడిపోయాక కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఒకప్పుడు ఒకే జిల్లా కాగితాలు ఇప్పుడు రెండు కార్యాలయాలకు వెళ్తున్నాయి. రోగులకు ఆ సరిహద్దు అడ్డు కాదు, బస్సెక్కితే చాలు. ఇక్కడ కాదన్న పని అక్కడ అవుతుందేమోనని వెళ్లే మనిషిని పట్టుకోవాలంటే రెండు చోట్ల ఫారాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కథనంలో ఇమడనివి

ఫోన్ చేస్తే వచ్చే 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న మొదలైంది. దాన్నీ జనం చేతులు చాచి అందుకున్నారు.

బిడ్డలో లోపాలను చూసే టిఫా స్కానింగ్‌ను సాధారణంగా 18–22 వారాల మధ్య చేస్తారు. 2022 నవంబరులో తెలంగాణలోని 44 ప్రభుత్వాసుపత్రులకు 56 టిఫా యంత్రాలు వచ్చాయి. ఉచితంగా చేసినా ఫారం ఎఫ్ తప్పదు.

తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ఉంటుందని 1997లో డెన్నిస్ లో బృందం చూపింది. దాని ఆధారంగా వచ్చిన పరీక్షకు పదో వారం నుంచే రక్తం ఇవ్వొచ్చు. జన్యులోపాలు చూడ్డానికే దాన్ని వాడాలి. ఆడో మగో చెప్పడం ఇక్కడా నేరమే. కాకపోతే దీనికి పెద్ద యంత్రం ఊళ్లో ఉండక్కర్లేదు, రక్తం తీసిన గొట్టాన్ని ల్యాబుకు పంపితే చాలు.