షుగరా? మధుమేహమా? ఆ తేల్చే పనికీ ఉద్యోగం ఉంది!

ఒక పెద్ద ఆరోగ్య వెబ్‌సైట్‌ ఉందనుకోండి. అందులో ఒక పేజీలో ‘మధుమేహం’, ఇంకో పేజీలో ‘డయాబెటిస్‌’, మరో పేజీలో ‘చక్కెర వ్యాధి’ అని రాశారు. ఆదోనిలో ఒకాయన ఫోన్‌లో ‘షుగర్‌’ అని కొట్టి వెతికితే ఏం దొరుకుతుంది? ఏ మాట వాడాలి, హెచ్చరిక ఎక్కడ పెట్టాలి, పేజీ ఏ వరుసలో నడవాలి... ఇవన్నీ ముందే తేల్చి, అందరూ పాటించేలా రాసిపెట్టే ఏర్పాటే కంటెంట్‌ డిజైన్‌ సిస్టమ్‌. కర్నూలు, కడప కాలేజీల్లో చదువుతూ ‘కోడింగ్‌ రాకపోతే ఐటీలో చోటు లేదు’ అనుకుంటున్నారా? అయితే ఇది మీకోసమే.

ఎన్‌హెచ్‌ఎస్‌ దారి

దీనికి మంచి ఉదాహరణ బ్రిటన్‌ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌. దాని ఆరోగ్య సమాచార వెబ్‌సైట్‌ 2007లో ‘ఎన్‌హెచ్‌ఎస్‌ ఛాయిసెస్‌’ పేరుతో మొదలైంది. ఇలాంటి సైట్‌లో డాక్టర్లు, రచయితలు, డెవలపర్లు కలిసి పనిచేస్తారు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తే రోగికి అయోమయమే మిగులుతుంది. అందుకే వాళ్లు ఒక సర్వీస్‌ మాన్యువల్‌ తయారుచేసుకున్నారు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలు చదవగలిగేంత తేలిగ్గా రాయాలన్నది అందులో ఒక లక్ష్యం. ‘యూరిన్‌’ బదులు ఇంట్లో వాడే ‘పీ’ అన్న మాటకే అందులో పెద్దపీట. చదవడం కష్టమైన వాళ్లకూ అర్థం కావాలి కదా!

హెచ్చరికలకు మూడు రకాల కార్డులున్నాయి. తొందర లేనిదానికి నీలం, త్వరగా డాక్టర్‌ను కలవాల్సినదానికి ఎరుపు, ప్రాణాపాయానికి ఎరుపు-నలుపు. రంగు కనిపించని వాళ్ల కోసం, స్క్రీన్‌ రీడర్‌తో వినేవాళ్ల కోసం తీవ్రతను మాటల్లోనూ చెబుతారు. చివరిసారి ఎప్పుడు సమీక్షించారో, మళ్లీ ఎప్పుడు చూడాలో పేజీ కింద ఉంటుంది. ఈ మాన్యువల్‌ను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. కోడ్‌ కూడా గిట్‌హబ్‌లో ఉంది.

తెలుగులో అసలు చిక్కు

‘రక్తపోటు’ తీసేసి ‘బీపీ’ అని పెట్టేస్తే పని అయిపోదు. ‘గ్యాస్‌’ అన్న మాటే తీసుకోండి. కడుపు ఉబ్బరానికీ అదే మాట, ఛాతీలో పట్టేసినట్టున్నా చాలామంది నోట అదే మాట. అది గుండెపోటు కావచ్చు. కాబట్టి ‘గ్యాస్‌’ అని వెతికి వచ్చిన మనిషికి ముందుగా కనిపించాల్సింది వాము నీళ్ల చిట్కా కాదు. ‘ఛాతీలో నొప్పి చేతికో, దవడకో పాకుతోందా? చెమటలు, ఆయాసం ఉన్నాయా? వెంటనే 108కి ఫోన్‌ చేయండి’ అన్న కార్డు. అదే హెచ్చరిక ఆరో పేరాలో ఉంటే, ఉన్నా లేనట్టే. జనం ఏ మాట అంటారో, ఆ మాట వెనక ఏ భయం ఉందో తెలిసినవాళ్లే ఈ నిర్ణయం తీసుకోగలరు. విరేచనాలను ‘బేదులు’ అనే ఊళ్లో పెరిగిన మీకు ఆ చెవి ఇప్పటికే ఉంది.

అవకాశాలు ఎక్కడ?

కంటెంట్‌ డిజైనర్‌, యూఎక్స్‌ రైటర్‌ అనే పేర్లతో వెతకండి. ఆయుష్మాన్‌ భారత్‌ డిజిటల్‌ మిషన్‌ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలయ్యాక 14 అంకెల ఆభా నంబరు పల్లెలకూ చేరుతోంది. ఆస్పత్రులు, ల్యాబ్‌లు, బీమా సంస్థలు తమ సమాచారాన్ని ఫోన్‌ తెర మీదకు తెస్తున్న కొద్దీ దాన్ని సరిగ్గా చెప్పేవాళ్ల అవసరం పెరుగుతుంది. బ్రాంచి ఏదైనా ఫర్వాలేదు. తెలుగు, ఇంగ్లిష్‌ రెండింట్లో సూటిగా రాయడం, ఫిగ్మా, కాస్త హెచ్‌టీఎంఎల్‌ వస్తే మొదలుపెట్టొచ్చు.

నెల రోజుల్లో ఒక ప్రాజెక్టు

1. సీమ ఎండలు మనకు తెలిసినవే కాబట్టి ‘వడదెబ్బ’ను అంశంగా తీసుకోండి. దానిపై ఉన్న నాలుగైదు తెలుగు పేజీలు చదివి, ఒకే విషయానికి ఎన్ని మాటలు వాడారో పట్టిక వేయండి.

2. ఇంట్లో, వీధిలో పదిమందిని ‘దీన్ని మీరేమంటారు?’ అని అడగండి. వాళ్ల జబ్బుల వివరాలు మాత్రం అడగొద్దు, రాసుకోవద్దు.

3. ఏ మాట వాడాలి, ఏది వద్దు, ఎందుకు... ఒక్కో వాక్యంలో రాయండి.

4. లక్షణాలు, ఇంట్లో చేయాల్సినవి, చేయకూడనివి, 108కి ఎప్పుడు ఫోన్‌ చేయాలి అన్న భాగాలతో పేజీ గీయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదన్న మాట తప్పక కనిపించాలి.

5. వైద్య విషయాలు డాక్టర్‌ చూడకుండా బయట పెట్టొద్దు.

6. చివరగా, పెద్దగా చదువుకోని ఒక అవ్వకు చదివి వినిపించండి. ‘ఇప్పుడేం చేస్తావవ్వా?’ అని అడగండి. జవాబు తప్పితే మార్చాల్సింది పేజీనే.

ఇంటర్వ్యూలో అందమైన తెరలు చాలామంది చూపిస్తారు. మీరు మొదట రాసిన పేజీ, అవ్వ తడబడిన చోటు, ఆ తర్వాత మార్చిన పేజీ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ మార్పు ఎందుకు చేశారో రెండు నిమిషాల్లో చెప్పగలిగితే, ఈ పని మీకు వచ్చని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.