పాపంలో పడితే రక్షణ పోతుందా?

బాప్తిస్మం పొందిన విశ్వాసి ఘోరమైన పాపంలో పడితే అతని రక్షణ పోయినట్టేనా? గోదావరి గట్టున పట్టిసీమ, పోలవరం పరిసరాల్లోని సంఘాల్లో ఈ ప్రశ్నకు ఇంటికో జవాబు వినిపిస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త ప్రకటించారు. వారి సేవలోంచి పుట్టిన బ్రదరన్ సంఘాలు, నిజంగా రక్షణ పొందినవాడు ఎన్నటికీ నశించడని బోధిస్తాయి. 1845లో జర్మను మిషనరీ వాలెట్ రాజమండ్రిలో మొదలుపెట్టిన పని తర్వాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. లూథరన్లు అనుసరించే 1530 నాటి అగస్‌బర్గు విశ్వాస ప్రమాణం 12వ అధికరణంలో, ఒకసారి నీతిమంతుడిగా తీర్చబడినవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేడనే బోధను తిరస్కరిస్తుంది. పెంతెకోస్తు సంఘాల్లో చాలావరకూ ఇటే మొగ్గుతాయి. పెళ్లి సంబంధం కుదుర్చుకునేటప్పుడు పొలం, ఉద్యోగం అడుగుతారు గాని ఈ సంగతి ఎవరూ అడగరు. ఇంట్లో ఒకరు పడిపోయిన రోజున తేడా బయటపడుతుంది.

ఇరుపక్షాలకూ వాక్యం ఉంది. తన గొర్రెలను తన చేతిలోంచి లాక్కునే శక్తి ఎవరికీ లేదని ప్రభువు చెప్పడం యోహాను సువార్త 10వ అధ్యాయంలో చూస్తాం. హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలో, వెలుగు పొందాక తప్పిపోయేవారికి చేసిన హెచ్చరిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఒక వాక్యంతో మరో వాక్యం నోరు మూయించడం సరైన పద్ధతి కాదు. రక్షణ మన నడవడికకు జీతంగా దొరకలేదు, కృపవల్ల దొరికింది. కాబట్టి తప్పు చేసిన నెలలో యజమాని జీతం కోసినట్టు దేవుడు దాన్ని కోసేయడు. అయితే పాపాన్ని విడిచే ఉద్దేశమే లేనివాడు బాప్తిస్మపు రిజిస్టరులోని తేదీ చూపించి ధైర్యం చెప్పుకుంటే, ఆ ధైర్యానికి బైబిలులో ఆధారం దొరకదు.

ఈ ప్రశ్న అడిగేవారిలో రెండు రకాలవారు ఉంటారు. తాగుడు మాని మూడేళ్లు నిలబడి, మళ్లీ పడిన సహోదరుడు ఒకరు ప్రభు సంస్కారపు ఆదివారం రొట్టె పంచకముందే లేచి వెళ్లిపోయేవాడు. కారణం అడిగితే, "నాకింకా రక్షణెక్కడుందండి అయ్యగారూ" అన్నాడు. తమ్ముడి వాటా పొలం తన పేర రాయించుకుని, ఆదివారం ముందు వరుసలో గొంతెత్తి పాడేవాడు కూడా సంఘాల్లో కనిపిస్తాడు. అతణ్ణి అడిగితే, "రక్తంలో కడగబడ్డాం కదండీ" అంటాడు. మొదటివాడికి యోహాను 10, రెండోవాడికి హెబ్రీ 6 చదివి వినిపించాలి. మనం తరచూ తారుమారు చేస్తాం. వణుకుతున్నవాణ్ణి భయపెట్టి, నిద్రపోతున్నవాణ్ణి జోకొడతాం.

కొరింథు సంఘంలో జరిగింది చూడండి. తండ్రి భార్యతో కాపురం చేస్తున్న మనిషిని సంఘం భరించింది, పైగా అతిశయపడింది. పౌలు అతణ్ణి బయటికి పంపమన్నాడు. అంతకంటే కఠినమైన శిక్ష సంఘానికి లేదు. కానీ 1 కొరింథీ 5వ అధ్యాయంలో ఆ శిక్షకు చెప్పిన ఉద్దేశం అతని ఆత్మ రక్షణే. రెండో పత్రిక 2వ అధ్యాయంలో శిక్ష పొందిన ఒకణ్ణి ఇక క్షమించి ఓదార్చమంటాడు. లేకపోతే దుఃఖం అతణ్ణి మింగేస్తుందని పౌలు భయం. అతడూ ఇతడూ ఒకరేనా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఒకరు కాకపోయినా పౌలు మనసు తెలుస్తూనే ఉంది. బయటికి పంపడానికి ఒక ఉత్తరం రాసిన చెయ్యే లోపలికి పిలవడానికి మరో ఉత్తరం రాసింది. మన సంఘాల్లో మొదటి ఉత్తరం చకచకా అమలవుతుంది. రెండోది ఏళ్ల తరబడి చేరదు.

సిద్ధాంతాల మధ్య దూరం కూడా ఇక్కడ మనం అనుకున్నంత ఉండదు. అదే అగస్‌బర్గు అధికరణం, బాప్తిస్మం తర్వాత పడినవారు మారుమనస్సు పొందినప్పుడెల్లా క్షమాపణ దొరుకుతుందనీ, సంఘం వారికి దాన్ని నిరాకరించకూడదనీ అంటుంది. విశ్వాసులు చివరిదాకా నిలుస్తారని 1618–19లో తీర్మానించిన డోర్ట్ సభ కూడా దావీదు, పేతురుల పతనాన్ని దాచలేదు. అలాంటి పాపాలు మనస్సాక్షిని గాయపరుస్తాయని స్పష్టంగా రాసింది. పడినవాడి రక్షణ పోయిందనుకున్నా, పోలేదనుకున్నా, అతని గుమ్మంలో నిలబడి చెప్పవలసిన మాట ఒక్కటే: ఈ రోజే తిరిగి రా. పేతురు బొంకకముందే ప్రభువు అతని విశ్వాసం కోసం ప్రార్థించాడు (లూకా 22:32). బొంకిన తర్వాత ఒడ్డున నిప్పులు రాజేసి భోజనానికి పిలిచాడు (యోహాను 21).

సంఘ పెద్దలు ఒకరిని ప్రభు బల్ల నుంచి ఆపినప్పుడు మినిట్స్ పుస్తకంలో రాస్తారు. ఆ పేరు పక్కనే, అతని ఇంటికి ఎవరు వెళ్లాలో, ఏ వారం వెళ్లాలో కూడా రాయమని మా పెద్దలకు చెబుతుంటాను.