పట్టా ఉండేది, బండి పోయేది

పట్టాలు, స్లీపర్లు, కంకర అన్నీ కలిపి రైల్వేవాళ్లు ‘పర్మనెంట్ వే’ అంటారు. ఈ పేరు వెనుక పాత కథ ఉంది. ఇంగ్లండులో తొలినాళ్లలో కొత్త లైను వేసేటప్పుడు, తవ్విన మట్టి మోయడానికి కాంట్రాక్టర్లు ముందు తేలికపాటి పట్టాలు పరిచేవారు. పనయ్యాక వాటిని పీకేసి అసలు దారి వేసేవారు. పీకేసేది తాత్కాలికం, ఉండిపోయేది పర్మనెంట్. ఆ తేడా ఇప్పటికీ ఉంది. పట్టాల బాగోగులు చూసేది ఒక విభాగం, వాటిమీద ఏ బండి ఎప్పుడు పోవాలో చెప్పేది మరో విభాగం. టైమ్‌టేబుల్ మారిందని ఎవరూ పట్టాలు పీకరు.

కంప్యూటర్లో రైళ్లు నడిపించాలనుకున్నవాళ్లూ ఇదే గీత దగ్గరికి వచ్చారు. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్లో దారి కట్టే ఎడిటర్ వేరు, ఆ దారిమీద పని అప్పగించే ‘యాక్టివిటీ’ ఎడిటర్ వేరు. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఆరాన్ సంస్థ ‘ట్రెయిన్జ్’ తెచ్చింది. అందులో నేలను 720 మీటర్ల చదరపు పలకలుగా పరిచి, వాటిమీద కొండలు, ఊళ్లు, స్టేషన్లు కట్టుకుంటూ పోవాలి. అలా కట్టింది ‘రూట్’. దానిమీద ఆడించే బళ్లు, వాటికిచ్చే ఆదేశాలు, నియమాలు కలిస్తే ‘సెషన్’. ఒకే రూట్‌మీద పొద్దుటి ప్యాసింజరు ఒక సెషన్, అర్ధరాత్రి గూడ్సు మరో సెషన్.

తర్వాతి వెర్షన్లలో ఈ రెండింటికీ పొరలు వచ్చాయి. పొర ఆలోచన రైలుది కాదు, కార్టూను సినిమాది. 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పారదర్శక సెల్యులాయిడ్ షీట్లకు పేటెంట్ అడిగాడు. ఇల్లు, చెట్టు ఒక్కసారి గీసి కింద పెట్టి, కదిలే బొమ్మను మాత్రం పైన షీటుమీద మళ్లీమళ్లీ గీస్తే చాలు. ఎనభై ఏళ్లకు, 1994లో ఫోటోషాప్ 3.0తో ఆ షీటు కంప్యూటర్ తెరమీదికి ఎక్కింది.

ట్రెయిన్జ్ పొరల జాబితాలో రూట్ పొరలు, సెషన్ పొరలు విడివిడిగా ఉంటాయి. చెట్లకొకటి, సిగ్నళ్లకొకటి ఎన్నయినా చేర్చుకోవచ్చు. ఒక పొరకు తాళం వేస్తే అందులోని వస్తువు చెయ్యి తగిలినా కదలదు. ఒక పొరను దాస్తే అడవి పక్కకు తప్పుకుని పాయింట్లు సరిచేసుకోవడానికి తెరిపి దొరుకుతుంది. రెండు పొరలను ఒకటిగా కలిపేయవచ్చు కూడా. కలపడం వేరు, తొలగించడం వేరు: పొరను తొలగిస్తే అందులోనివన్నీ దానితోపాటే పోతాయి.

కొత్తవాళ్లు తడబడేది ఒకే చోట. కొత్త వస్తువు, అప్పుడు చేతిలో ఉన్న పొరలోకి పోతుంది. మీరు స్టేషన్ పక్కన జాతర పెట్టారనుకోండి. రంగులరాట్నం, మిఠాయి కొట్లు, షామియానాలు, అన్నీ పండుగ ప్రత్యేక రైలు సెషన్ కోసం. కానీ చేతిలో ఉన్నది రూట్ పొర. సేవ్ చేసి పడుకున్నారు. మర్నాడు అర్ధరాత్రి గూడ్సు సెషన్ తెరిస్తే, మనిషి అలికిడి లేని స్టేషన్లో రంగులరాట్నం! ప్రతి సెషన్లోనూ జాతరే. అందుకే అలవాటైనవాళ్లు రూట్ పొరలకు తాళం వేశాకే సెషన్ పని మొదలుపెడతారు.

ఒక్క నేల మాత్రం ఏ పొరలోనూ ఇమడదు. దాని ఎత్తుపల్లాలు, దానిమీద పూసిన గడ్డి, మట్టి నేరుగా రూట్‌వే. ఒక్క సెషన్ కోసమని కొండ తవ్వితే, అన్ని సెషన్లకూ తవ్వినట్టే. బండిని తాత్కాలికంగా పెట్టుకోవచ్చు, జాతరనూ పెట్టుకోవచ్చు. కొండకు మాత్రం ఆ వీలు లేదు.