మెజీషియన్‌కి పేరెలా కుదురుతుంది?

హుడిని అసలు పేరు ఎరిక్ వైస్. 1874లో బుడాపెస్ట్‌లో పుట్టి, అమెరికాలో పెరిగాడు. ఫ్రెంచి ఇంద్రజాలికుడు రాబర్ట్ హుడిన్ ఆత్మకథ చదివి మైమరచిపోయాడు. హుడిన్ చివర ‘ఇ’ చేరిస్తే ‘ఆయనలాంటివాడు’ అని అర్థం వస్తుందని ఓ స్నేహితుడు చెప్పాడట. ఫ్రెంచిలో అలాంటి నియమమేమీ లేదు. అయినా టిక్కెట్టు కొన్నవాడికి వ్యాకరణంతో పనేముంది? పేరు నిలబడిపోయింది.

తమాషా ఏమిటంటే, హుడిన్ అన్నది ఆ ఫ్రెంచాయనకి కూడా పుట్టుకతో వచ్చిన పేరు కాదు. ఆయన రాబర్ట్ అనే గడియారాల పనివాడు. హుడిన్ అనే మరో గడియారాల పనివాడి కూతుర్ని పెళ్లాడి, మామగారి ఇంటిపేరు తన పేరుకు తగిలించుకున్నాడు. మన దగ్గర ఇల్లరికపుటల్లుళ్లు కూడా ఇంత దూరం పోరు! 1908లో హుడిని తన ఆరాధ్యుడి గొప్పంతా వట్టిదేనంటూ ఏకంగా పుస్తకమే రాశాడు. అప్పటికే ఆ పేరు తన సొంతమైపోయింది, దాన్ని మాత్రం వదిలించుకోలేకపోయాడు.

వేదిక పేరు మెజీషియన్ ముచ్చట కోసం కాదు, చూసినవాళ్లు మర్నాడు పదిమందికి చెప్పుకోవడానికి. ‘నిన్న ఎవరి షో చూశావు?’ అంటే తడుముకోకుండా నోట రావాలి. కొత్తగా రంగంలోకి దిగేవాళ్లు ఈ సంగతి మరిచిపోయి, అద్దం ముందు నిలబడి తమకు గంభీరంగా వినిపించే పేరు కోసం వెతుకుతుంటారు.

పి.సి. సర్కార్‌ని చూడండి. 1913లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగాయిల్‌లో పుట్టారు. సర్కార్ బెంగాల్‌లో వీధికొకటి వినిపించే ఇంటిపేరు. ఆయన దాన్ని మార్చలేదు, ఇంగ్లిషు స్పెల్లింగు మాత్రం మార్చారు. ఇంగ్లిషులో మాంత్రికుణ్ణి ‘సార్సరర్’ అంటారు. చదివేవాళ్లకి అది తట్టేలా రాయించారు. తెలుగులో రాస్తే ఆ మెలిక కనిపించదు, పాత సర్కారే మిగులుతుంది. అందుకే పేరు అనుకున్నాక తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి చూసుకోవాలి. ఫోన్లో ఒకసారి చెబితే అవతలివాళ్లు మళ్లీ అడగకుండా రాసుకోగలగాలి.

చేసే విద్యకి పేరు సరిపడటం ఇంకో సంగతి. వేల్స్‌కు చెందిన రిచర్డ్ పిచ్‌ఫర్డ్ ‘కార్డు’నీ ‘హుడిని’నీ అతికించి కార్డినీ అయ్యాడు. పేరు వినగానే జనం పేకముక్కల కోసం చూస్తారు. ఆయన పేకముక్కలు, సిగరెట్లు, బిలియర్డ్ బంతుల్లాంటి చేతివాటపు విద్యలనే నమ్ముకున్నాడు కాబట్టి సరిపోయింది. రేపు పెద్ద పెట్టెలతో, మనుషుల్ని మాయం చేసే షోలు వేద్దామనుకునేవాడికి అలాంటి పేరు ఇరుకు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, తనది కాని పుట్టుకను పేరులో చెప్పుకోవడం. విలియం రాబిన్సన్ అనే అమెరికన్, చింగ్ లింగ్ ఫూ అనే నిజమైన చైనా ఇంద్రజాలికుడి విజయం చూసి చుంగ్ లింగ్ సూ అయ్యాడు. వేషం వేశాడు, విలేకరులతో దుబాసీ ద్వారానే మాట్లాడేవాడు. 1905లో ఇద్దరూ లండన్‌లో ఎదురుపడి పోటీకి సవాళ్లు విసురుకుంటే చివరికి నకిలీదే పైచేయి అయింది. అసలువాడి పట్ల అది అన్యాయమనే నా అభిప్రాయం. 1918 మార్చిలో లండన్ వుడ్‌గ్రీన్ ఎంపైర్‌లో తూటా పట్టే విద్య చేస్తుండగా తుపాకీ నిజంగానే పేలింది. తెర దించమని ఆయన ఇంగ్లిషులో అరిచాడు. మర్నాడు చనిపోయాడు.

మన గోగియా పాషా కూడా ఈజిప్టువాడిలా కనిపించి ‘గిలి గిలి’ అంటూ నవ్వించాడు. కానీ ధన్‌పత్ రాయ్ గోగియా తన ఇంటిపేరు వదల్లేదు, పాషా మాత్రమే తగిలించాడు.

తెలుగునాట పేరున్న ఇద్దరు సొంత పేర్లతోనే నిలిచారు. బి.వి. పట్టాభిరామ్ మేజిక్ చేశారు, హిప్నాటిజం ప్రదర్శనలిచ్చారు, వ్యక్తిత్వ వికాస పాఠాలు చెప్పారు, పుస్తకాలు రాశారు. అన్నిటికీ ఒకే పేరు. ఏ ‘మాయల ఫకీరు’ అనో పెట్టుకుని ఉంటే పిల్లల చదువు గురించి తల్లిదండ్రులు ఆయన్ని సలహా అడిగేవారా? ఇక సామల వేణు. వేణులు ఊరికి పదిమంది. ఇంటిపేరు ముందుంచితే ఒక్కడే.

‘గ్రేట్’, ‘ప్రొఫెసర్’ లాంటి బిరుదులు నాకు నచ్చవు. ప్రపంచంలోకెల్లా గొప్ప మెజీషియన్నని సర్కారే పోస్టర్ల మీద వేసుకున్నారు, నిజమే. ఆ మాట నిలబెట్టుకునే సరంజామా ఆయన దగ్గర ఉండేది. ‘జూనియర్’ కూడా అంతే: పి.సి. సర్కార్ జూనియర్ ఆయన కొడుకు. బంధుత్వం లేనివాళ్లు తగిలించుకుంటే అవతలివాళ్ల కష్టాన్ని వాడుకోవడమే.

పేరు తర్వాత మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చు. డైనమోగా ప్రపంచానికి తెలిసిన బ్రిటిష్ మెజీషియన్ 2023లో ఆ పేరుకు స్వస్తి చెప్పి, స్టీవెన్ ఫ్రేన్ అనే సొంత పేరుకు తిరిగొచ్చాడు. అంత పేరు లేనివాళ్లు మాత్రం కొన్నాళ్లు పోస్టరు మీద రెండు పేర్లూ వేయించుకోవాలి. లేకపోతే పాత షో చూసి మెచ్చుకున్నవాళ్లు కొత్త షోకి ఎవరో అనుకుని రారు.