డాబా కప్పుకు రబ్బరు పొర

గత వర్షాకాలంలో మా కళాశాల గ్రంథాలయపు శ్లాబు కారి, ఉర్దూ, తెలుగు బీరువాలలోని కొన్ని గ్రంథాలు తడిసినవి. పునర్ముద్రణ లేని పుస్తకం ఒకసారి చివికిపోతే దానిని తిరిగి కొనడానికి ఏ అంగడీ లేదు. "కప్పు మీద రబ్బరు పొర పరిస్తే ఈ బాధ తీరుతుందా?" అని కమిటీ పెద్దలు అడిగినారు. ఆ విషయమై మేము తెలుసుకొన్నది విద్యార్థులకు కూడ ఉపకరిస్తుందని ఇక్కడ వివరిస్తున్నాము.

నీటిని ఆపే విద్య మనకు క్రొత్తది కాదు. రాయలసీమ మిద్దెలపై వానలకు ముందు చవుడుమట్టి పరచేవారు. తడిసినప్పుడు ఆ మట్టిలోని సన్నని రేణువులు విడివడి రంధ్రాలను మూసివేస్తాయి. పెద్ద కట్టడాలకు సున్నము, ఇటుక ముక్కలు కలిపి, బెల్లము, కరక్కాయల నీటితో తడుపుతూ గచ్చును దిమ్మిసతో కొట్టేవారు. నేటి కాంక్రీటు శ్లాబు పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చల్లదనానికి సంకోచిస్తుంది. ఆ కదలికలో సన్నని పగుళ్ళు పుడతాయి. పైన పూసిన తారు కొన్ని వేసవులకే గట్టిపడి, శ్లాబుతో పాటు తానూ పగులుతుంది. కనుక శ్లాబు కదిలినప్పుడు తానూ సాగగల పొర కావాలి. రబ్బరు ప్రయోజనం ఇదే.

అయితే ఇది చెట్టు పాల నుండి తీసిన రబ్బరు కాదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కాచి రబ్బరును దృఢపరచే మార్గం కనుగొన్నాడు. కాని సహజ రబ్బరు అణుశృంఖలలో ద్విబంధాలు ఉన్నందున, గాలిలోని ఓజోను వాటిని ఛేదిస్తుంది. ఎథిలీన్, ప్రొపిలీన్‌లతో, కొద్దిపాటి డైయీన్ చేర్చి తయారుచేసే ఇ.పి.డి.ఎం. రబ్బరు ప్రధాన శృంఖలలో ద్విబంధాలు లేవు. అందువలన అది ఎండకు, ఓజోనుకు చిరకాలం తట్టుకొంటుంది. కప్పులకు వాడే షీటు సాధారణంగా 1.1 లేక 1.5 మిల్లీమీటర్ల మందముంటుంది. చక్కగా పరచినది 25 సంవత్సరాలకు పైగా నిలుస్తుంది.

"చక్కగా" అన్న మాటలోనే రహస్యమంతా ఉన్నది. రబ్బరు పొర నడుమ చిల్లు పడడం అరుదు. నీరు దూరేది అతుకుల వద్ద, పిట్టగోడ మొదట, తూముల చుట్టూ. ఈ రబ్బరును కాచి అతికించడం కుదరదు. షీటుకు అంటియున్న పొడిని తుడిచి, పూత పూసి, జిగురుపట్టీ వేసి, రోలరుతో గట్టిగా అదమాలి. పిట్టగోడపైకి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించాలి. పొరను పూర్తిగా అంటించవచ్చు, మరలతో బిగించవచ్చు, లేదా గులకరాళ్ళ బరువుతో నిలపవచ్చు. రాళ్ళ పద్ధతిలో చదరపు మీటరుకు సుమారు 50 కిలోల భారం పడుతుంది గనుక, పాత శ్లాబుకు ఇంజనీరు అనుమతి లేనిదే దానిని తలపెట్టరాదు.

దీనికి శత్రువులు కూడ ఉన్నారు. నూనె, పెట్రోలు, వంట జిడ్డు తగిలితే ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పాత తారు మీద నేరుగా అంటించరాదు. తారును గీకివేయాలి, లేదా నడుమ వేరొక పొర వేయాలి. నల్లని షీటు వేడిని పీల్చుకొంటుంది. పైన తగిన తెల్లపూత వేస్తే క్రింది గది కొంత చల్లబడుతుంది.

ఈ గుణదోషాలను బట్టి మా అభిప్రాయం చెబుతాము. మనుషులు ఎక్కని గ్రంథాలయపు కప్పుకు రబ్బరు పొర తగినది. వసతిగృహపు వంటశాలకు తగదు. అక్కడి గొట్టం నుండి జిడ్డుపొగ వస్తుంది. విద్యార్థులు బట్టలారవేసే డాబాకు ఇటుక ముక్కల గచ్చు, పెంకులే మేలు. ఏది వేసినా ముందు శ్లాబు వాలు సరిచేయాలి. నూరడుగులకు ఒక అడుగైనా తూము వైపు వాలు లేనిచో నీరు నిలుస్తుంది.

ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినట్లు వానలో మేస్త్రీని పిలిచి ప్రయోజనం లేదు. పని వేసవిలోనే ముగించాలి. తూములు మూసి, రెండు రోజులు నీరు నిలిపి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లించాలి. ఆపైన ఏటా తొలకరికి ముందు తూములలోని ఆకులు తీసి, అతుకులు పరీక్షించాలి. ఈ చివరి పనికి ఖర్చు లేదు; నలుగురు విద్యార్థులు ఒక ఉదయం పూనుకొంటే చాలు. వారు కాపాడేది తాము చదువుకొనే పుస్తకాలనే.